మద్దతుకేనండి అన్నాను

అరవై దాటాక మా బావకి ఊళ్ళో ఒక కొత్త పేరు వచ్చింది. మద్దతు. పాలకేంద్రం దగ్గరికి ఆయన క్యాను పట్టుకుని వెళితే, "మద్దతు వస్తన్నాడు, బెంచీ మీద చోటియ్యండ్రా" అంటారట. కొందరు వెనక అంటారు, కొందరు ఎదురుగానే అంటారు. బావ అంటే మా అక్క భర్త. ఆ మాటకి ఆయన నవ్వి ఊరుకుంటాడని అక్క ఫోనులో చెప్పింది. ఆయన నవ్వే రకం కాదని నాకు తెలుసు.

ఆ పేరు నాకు రావలసింది. ఎందుకు నాకు రావాలో, ఆయనకి ఎందుకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ రాయను. ఊళ్ళోవాళ్ళకి పేర్లు అక్కర్లేదు, బయటివాళ్ళకి పేర్లతో పనిలేదు.

బావది అద్దంకి అవతల ఒక పల్లె. నల్లరేగడి భూములు. పత్తి, మిరప, కొంత పొగాకు. నేను గుంటూరులో ఉంటాను. చాలా ఏళ్ళు ఒక చిన్న పత్రికలో పనిచేసి, అది మూతపడ్డాక మా ఎంపీగారి ఆఫీసులో రాతపనికి చేరాను. ఆయన ప్రసంగాలు, ఉత్తరాలు, వినతిపత్రాలు నా చేతి మీదుగా వెళ్ళేవి. ముందే చెప్పాలి, జరిగిన దానిలో తప్పు ఆయనది కాదు. ఆయన అడిగింది సరైనదే. తెచ్చి ఇచ్చినవాణ్ణి నేను.

ఆ రోజుల్లో ఢిల్లీలో ఒక చట్టసవరణ బిల్లు నడుస్తోంది. కరెంటు కేంద్రాలూ సిమెంటు ఫ్యాక్టరీలూ బొగ్గు కాల్చి గాలిలోకి వదిలే దానికి లెక్క కట్టాలి, ఇంతకు మించి వదలకూడదని హద్దు పెట్టాలి, హద్దుకన్నా తక్కువ వదిలినవాడు తన మిగులుని ఎక్కువ వదిలినవాడికి అమ్ముకోవచ్చు. అలాంటి వ్యాపారానికి దారి తెరిచే బిల్లు. ఎంపీగారికి అది మనస్ఫూర్తిగా నచ్చింది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో పడకూడని వానలు పడటం ఆయన మూడేళ్ళుగా చూస్తున్నాడు. తడిసిన కాయల్ని చూడటానికి వెళ్ళినచోటల్లా రైతులు ఆయన్ని తిట్టారు కూడా.

"ఇది ఫ్యాక్టరీల గొడవ అనుకుంటున్నారండీ సభలో. దెబ్బ తినేది మన రైతు అని చెప్పాలి. వాళ్ళే మద్దతుగా సంతకాలు పెట్టి ఇస్తే బాగుంటుంది. రెండు మూడు ఊళ్ళు చాలు. చేయగలరా?" అని అడిగాడు.

చేయగలను అన్నాను. ఆ సాయంత్రమే ఒక పేజీ రాశాను. పైన పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టాను: మద్దతు పత్రం. ఆ మాట పెట్టినప్పుడు నా మనసులో ఏ మోసమూ లేదు. బిల్లుకి మద్దతు, అంతే. మిర్చి రైతు ఆ మాటని ఎలా చదువుతాడన్న ఆలోచన నాకు నిజంగా రాలేదు. గుంటూరు జిల్లాలో పుట్టి, పత్రికలో పంటల ధరలు రాసిన మనిషికి రాలేదంటే ఎవరూ నమ్మకపోవచ్చు. మోసం ఆ తరవాత, పాలకేంద్రం దగ్గర మొదలైంది.

కాగితాలు పట్టుకుని బావ దగ్గరికి వెళ్ళాను. అప్పుడు ఆయన పొగాకు బ్యారన్ దగ్గర ఉన్నాడు. బ్యారన్ అంటే పచ్చాకుని వేలాడదీసి, కింద మంట పెట్టి, వారం రోజులపాటు వేడితో పండించి ఆరబెట్టే ఎత్తయిన గది. మంట దగ్గర మనిషి ఉండి తీరాలి. వేడి ఒక డిగ్రీ తప్పినా ఆకు రంగు పోతుంది. నన్ను చూసి ఆయన కట్టె పొయ్యిలోకి నెట్టి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఏరా ఎంపీగారి కలం, ఎండన పడొచ్చావు. ఓట్లొచ్చినయ్యా ఏంది?"

"ఓట్లు కాదు బావా, సంతకాలు."

"ఓట్లకన్నా చెడ్డయ్యి. కూర్చో, చదువు."

చదవటం మొదలుపెట్టాను. రెండో వాక్యంలో ఉద్గారాలు అనే మాట రాగానే చెయ్యెత్తి ఆపాడు.

"ఉద్గారమంటే త్రేన్పురా. మా తెలుగు మేష్టారు బెత్తం పట్టుకుని చెప్పాడు. పార్లమెంటులో త్రేన్పుల మీద చట్టం చేస్తన్నారా మీవాళ్ళు?"

ఆయన నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. కాగితం పక్కన పెట్టి మామూలు మాటల్లో చెప్పాను. పొగకి హద్దు, హద్దులో ఉన్నవాడికి మిగులు, ఆ మిగులు అమ్ముకోవటం. ఆయన నిప్పుల్ని చూస్తూ విన్నాడు. అయిపోయాక అన్నాడు:

"ఓస్, మా కోటానే గదరా ఇది! మాకు బ్యారన్‌కి ఇంతని పొగాకు బోర్డు కోటా ఉందా? నేను ఈ ఏడు తక్కువేశా. పక్కూరోడు ఎక్కువేశాడు. నా బ్యారన్ వాడికి కౌలుకిస్తా. ఇద్దరికీ బాగుంది, మొత్తమ్మీద పొగాకు హద్దు దాటలా. అదేగా?"

"అదే బావా."

దాని మీద ఎన్నో ఇంగ్లీషు కాగితాలు చదివాను నేను. ఇంత సూటిగా ఎక్కడా చూడలేదు.

"అయితే తిరకాసు యాడుందో కూడా చెప్తా విను. కోటా దాటేసినోళ్ళందరూ కలిసి రోడ్డెక్కారనుకో, ఆ ఏడు అదనపు పొగాకు కూడా కొనేస్తారు. ఇహ హద్దులో ఉన్నోడు వెర్రెంగళప్ప అయిపోతాడు. చూశా గదా. హద్దు పెట్టటం కాదురా గొప్ప. పెట్టినోడే దాన్ని జరపకుండా ఉండాల. జరిపితే కిందికే జరపాల, ఏటేటా. ఆ ముక్క ఉందా నీ కాగితంలో?"

"లేదు."

"రాయి మరి. అది రాస్తే నేను పెడతా, ఊరి చేతా పెట్టిస్తా. ఇంకోమాట. జనానికి నాకు చెప్పినట్టు చెప్పు. త్రేన్పుల భాష మాట్లాడమాక."

పేజీ అడుగున ఖాళీ ఉంది. ఆయన ఎదురుగానే పెన్నుతో రాశాను: ఈ పరిమితి ఏటేటా తగ్గాలి గాని ఎన్నటికీ పెంచరాదు. ఆయన అది రెండుసార్లు చదివి, దాని కింద మొదటి సంతకం పెట్టాడు. బావ నిదానంగా, ప్రతి అక్షరమూ విడదీసి సంతకం చేస్తాడు. చేతికి అంటిన పొగాకు జిగురు కాగితం మీద మరకపడింది.

మర్నాడు పొద్దున్నే పాలకేంద్రానికి తీసుకెళ్ళాడు. ఊరంతా ఒక్కచోట దొరికేది అక్కడే. ఆ ఊళ్ళో మా బావ మాటకి ఎంత బరువుందో ఇక్కడ చెప్పకపోతే తరవాతిది అర్థం కాదు. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, గుంటూరు యార్డుకి వెళ్ళేటప్పుడు అందరికీ వెంట వెళ్ళటం కుదరదు. మా బావ వెళితే చాలు. పది ఇళ్ళవాళ్ళు తమ టిక్కీల మీద గుర్తులు వేసి ఆయనతో పంపేవాళ్ళు. తూకం ఆయన చూస్తాడు, బేరం ఆయన వింటాడు, వచ్చి ఏం జరిగిందో చెబుతాడు. ఆయన చెప్పింది ఎవరూ రెండోసారి అడిగేవాళ్ళు కాదు.

"వీడు మా బావమరిది, మీకు తెలిసినోడే" అన్నాడు అందరితో. "నేను విన్నా. నాకు మంచిదే అనిపించింది. చెప్తాడు, వినండి. నచ్చితే పెట్టండి. బ్యారన్‌లో ఆకు రంగు తిరిగే టైము, నే పోవాల." అని వెళ్ళిపోయాడు.

నేను సరిగ్గానే మొదలుపెట్టాను. ఈ మాట నన్ను నేను వెనకేసుకు రావటానికి రాయడం లేదు, జరిగింది అదే. ఫ్యాక్టరీలు, పొగ, వానలు, హద్దు. రెండు నిమిషాలు మాట్లాడానేమో. ఎవరూ వినటం లేదు. క్యాన్లు చప్పుడు చేస్తున్నాయి. కాయకోతకి వెళ్ళే ఆడవాళ్ళ కోసం ఆటో ఆగి హారన్ కొడుతోంది. ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. పత్తికి పేరుకైనా మద్దతు ధర ఉంది, మిర్చికి అదీ లేదు. ఎక్కడ నలుగురు కలిసినా అదే మాట.

ముందువరసలో ఒక పెద్దావిడ ఉంది. బావకి వరసకి వదిన. నా చేతిలో కాగితం లాక్కుని, పైనున్న పెద్ద అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదివింది. మ, ద్ద, తు. కళ్ళు చికిలించి నావంక చూసింది.

"మద్దతుకా అబ్బాయ్?"

ఆవిడ ఏమడుగుతోందో ఆ క్షణాన నాకు పూర్తిగా అర్థమైంది. 'కాదమ్మా, ఇది ధర గురించి కాదు' అనాలి. ఒక్క వాక్యం. అంటే మళ్ళీ మొదట్నించి చెప్పాలి, ఆటో వెళ్ళిపోతుంది, ఖాళీ కాగితాలతో గుంటూరు పోవాలి.

"మద్దతుకేనండి" అన్నాను.

"మిర్చిక్కూడానా?" అని వెనకనించి ఎవరో అరిచారు. వేలిముద్రల సిరాపెట్టె మూత రానట్టు దానితో పెనుగులాడుతూ ఉండిపోయాను.

తరవాత నేను మాట్లాడవలసిన పని లేకపోయింది. పెద్దావిడే వెనక్కి తిరిగి, "మద్దతుకేనంట, రండే, పెట్టండి" అని కేకేసింది. ఆటో దిగి వచ్చి పెట్టారు. ఒకాయన పాలుపిండే చేతిని లుంగీకి తుడుచుకుని వేలిముద్ర వేశాడు. ఒకమ్మాయి తన సంతకం పెట్టి, వాళ్ళ అత్తది కూడా పెట్టబోతే ఆపాను. ఆ మాత్రం నిజాయితీ చూపించుకున్నాను. పక్క రెండు ఊళ్ళకి నాకన్నా ముందే కబురు వెళ్ళింది. అక్కడ వాళ్ళే కుర్చీ వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చారు.

ఆఫీసుకి వచ్చాక రెండో పని చేశాను. మొదటి పేజీ శుభ్రంగా మళ్ళీ టైపు చేయించాను. పెన్నుతో రాసిన బావ వాక్యం అందులో పెట్టలేదు. షరతు ఉంటే మద్దతు బలం తగ్గినట్టు కనిపిస్తుందని నాకనిపించింది. ఎవరూ తీసేయమనలేదు. బావ సంతకాన్ని ఎలాగూ ఇంకో చోట పెట్టించాలి కాబట్టి, ఫోను చేసి, "కాగితం మరకపడింది బావా, సంతకాల పేజీలో ఇంకోటి పెట్టు" అన్నాను. నేను మనిషిని పంపితే మారుమాట్లాడకుండా పెట్టాడు. సంతకాల పేజీలు అవే, ముందు పేజీ వేరు.

ఎంపీగారి ప్రసంగంలో, మా ప్రాంతపు మిరప, పత్తి రైతులు వందలాదిగా ఈ బిల్లుకి మద్దతు తెలిపారు అన్న వాక్యం నేను రాసిందే. బిల్లు నెగ్గింది. నా వాక్యం లేకపోయినా నెగ్గేదే. ఆ సంగతి తెలిశాక నాకు ఊరట కలగలేదు, ఇంకా చిరాకేసింది. అవసరం లేని పనికి చేసిన మోసం అది.

తరవాతి పంట వచ్చింది. ధర రాలేదు. "మద్దతన్నారు, ఏదీ?" అని బావని అడగటం మొదలుపెట్టారు. ఆయనకి తలాతోకా అర్థం కాలేదు. టిక్కీలతో గుంటూరు వచ్చినరోజు యార్డు నించి నేరుగా మా ఇంటికొచ్చాడు. మిర్చి ఘాటుకి గుమ్మంలో నాలుగు తుమ్ములు తుమ్మాకగాని మాట పెగల్లేదు.

"ఒరేయ్, ఆరోజు పాలకేంద్రం కాడ నువ్వేం చెప్పావు? వాళ్ళు మద్దతు ధరంటన్నారేంది?"

"నేను సరిగ్గానే చెప్పాను బావా. పొగ సంగతే చెప్పాను. వాళ్ళు సగం విన్నారు."

నా మొహంలోకి చూశాడు. నేను కళ్ళు దించలేదు. ఆ పనిలో అంత ఆరితేరాను.

"నువ్వు చెప్పానంటే చెప్పినట్టే" అన్నాడు. కాఫీ తాగి, అక్క కోసం మా ఆవిడ ఇచ్చిన పొట్లం పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఊరికి పోయి అందరితో దెబ్బలాడాడు. మా బావమరిది సరిగ్గానే చెప్పాడు, మీరే చెవులప్పగించలేదు అన్నాడు. పెద్దావిడ, "నేనే అడిగానయ్యా, మద్దతుకేనండి అన్నాడు, నా చెవులారా విన్నా" అంది. "నీ చెవులు ఒంగోలు తీసకెళ్ళి చూపించుకో వదినా" అన్నాడట అందరి ముందూ. జీవితంలో ఎవర్నీ అలా తూలనాడని మనిషి. నా అబద్ధాన్ని నమ్మి, దాని తరపున నిలబడి అన్నాడు. మద్దతు అనే పేరు ఆ రోజు పుట్టింది.

ఆ మరుసటి ఏడు మొదట ఒకరు, తరవాత ఇంకొకరు తమ టిక్కీలు వేరేవాళ్ళతో పంపటం మొదలుపెట్టారు. "ఈసారి మావాడే వెళ్తన్నాడ్లే బావా" అనేవాళ్ళు. ఎవరూ కారణం చెప్పలేదు. చివరికి ఒక పొద్దున అక్క ఫోను చేసి, "మీ బావ లారీలో మనయ్యి మాత్రమే వేసుకుపోయాడురా" అంది. నేను చేసింది ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఒకటి చెప్పాలి. ఆ చట్టం చెడ్డదని నేను ఇప్పుడు కూడా అనను. పొగకి హద్దు ఉండాలి. బావ అన్నట్టు అది కిందికే జరగాలి. కానీ ఆ వ్యాపారమంతా దేని మీద నిలబడుతుందని ఆలోచిస్తే భయమేస్తుంది. నేను ఇంత తగ్గించాను అని ఒకడు చెబుతాడు. ఆ పొగ ఎవరికీ కనిపించదు, తూకం వేసి చూపించేదీ కాదు. ఆ మాట రాసుకునేవాడు ఉన్నది ఉన్నట్టు రాయాలి, చూసేవాడు ఉన్నది ఉన్నట్టు చూడాలి. మధ్యలో నాలాంటివాడు ఒక్కడుంటే చాలు. ఫ్యాక్టరీల దాకా ఎందుకు, పాలకేంద్రం దగ్గర సంతకాల విషయంలోనే నేను అలా చేశాను.

ఎంపీగారికి ముందు చెప్పాను. "నేను ఆ మాట సభలో అన్నానండీ" అన్నాడు ఆయన. తిట్టినా బాగుండేది. ఆ ఉద్యోగం మానేశాను. తరవాత అసలు పేజీ, మార్చిన పేజీ రెండూ పట్టుకుని పల్లెకి వెళ్ళాను. ముందు బావకి ఒంటరిగా చెబుదామనుకున్నాను. ధైర్యం చాలలేదు. తెల్లారి ఆయన వెనకే పాలకేంద్రానికి నడిచి, అందరి ముందూ ఒకేసారి చెప్పాను. అడిగినప్పుడు ఏమన్నానో, ఏమనాల్సిందో, ఏ వాక్యం తీసేశానో, గుంటూరులో బావకి ఏం అబద్ధం చెప్పానో, అన్నీ. రెండు పేజీలూ చదివి వినిపించాను. ఈసారి క్యాన్ల చప్పుడు లేదు.

మొదట మాట్లాడింది ఒక పత్తి రైతు. "అయితే మీ బావకి తెలీదంటావు."

"తెలీదండి. ఏమీ తెలీదు."

"తెలీకుండానే ఇన్నాళ్ళూ మమ్మల్ని చెవిటోళ్ళని చేశాడా? ఇప్పుడు పేరు పోయింది గాబట్టి బావమరిదిని తెచ్చి చెప్పిస్తన్నాడు. అంతేలే."

ఇలా అవుతుందని నేను అనుకోలేదు. నిజం చెబితే ఆయన పేరు తిరిగి వస్తుందనుకున్నాను. నిజం కూడా ఆయన వేయించిన ఎత్తులాగే కనిపించింది వాళ్ళకి. కాదండీ, కాదండీ అంటున్నాను. నా నోటినించి వస్తున్న ఆ మాటకి అక్కడ ఏ విలువా లేదు.

బావ క్యాను కింద పెట్టాడు. జనం మధ్యనించి నడిచి, పెద్దావిడ ముందు నిలబడ్డాడు.

"వదినా, నువ్వు సరిగ్గానే విన్నావు. చెవుల మాట అన్నా గదా, తప్పయింది."

ఆవిడ ఏడుపు ఆపుకుంటూ, "పోనీలేవయ్యా" అంది. పత్తి రైతు మాత్రం మొహం తిప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక. గుమ్మంలో ఆగి అన్నాడు: "నాకు తెలీదని నువ్వు నోటితో చెప్తే ఇక్కడెవుడూ నమ్మడు. నీకు రాయటం వచ్చు. రాసి అచ్చేయించు. అందులో నన్ను గొప్పోణ్ణి చేయమాక. జరిగింది రాయి."

"నువ్వు క్షమించావా బావా?"

"అది తరవాత. ఎంతమందిని చెవిటోళ్ళన్నానో నాకు గుర్తుంది. వాళ్ళ ఇళ్ళకి పోవాల. నువ్వు నా వెంట రామాక."

ఆయన అలాగే తిరుగుతున్నాడు. ఇంటింటికీ వెళ్ళి, నువ్వు సరిగ్గానే విన్నావు, నేనన్నది తప్పు అని చెప్పి వస్తున్నాడు. కొందరు కూర్చోమంటున్నారు. కొందరు గేటు దగ్గరే విని సరేలే అంటున్నారు. పత్తి రైతు ఇంటికి రెండుసార్లు వెళితే రెండుసార్లూ ఇంట్లో లేడనిపించాడట. నిన్న అక్క ఫోను చేసినప్పుడు ఆయనకి ఇమ్మన్నాను. ఇప్పుడే వచ్చి మంచినీళ్ళు తాగాడు, మళ్ళీ చెప్పులేసుకుంటున్నాడు, ఆ పత్తాయన పొలంలో ఉన్నాడని ఎవరో చెప్పారంట అంది. ఎండగా ఉంది, ఆపవే అన్నాను. ఆపితే ఆగే మనిషా అంది.